ఫోన్లో విన్న చప్పుడు

కంప్యూటర్లు బాగుచేసే ఆయన్ని బజారులో అందరూ చెవి డాక్టరు అనేవాళ్ళు. ఆ పేరు ఊరికే రాలేదు. ఎంత పాత కంప్యూటర్ తెచ్చి పెట్టినా ముందు స్క్రూడ్రైవర్ పట్టేవాడు కాదు. కేబినెట్ పక్కన గొంతుక్కూర్చుని, కళ్ళు మూసుకుని, రేకుకి చెవి ఆనించేవాడు. "వెనకాల ఫ్యాను. బేరింగు అరిగింది" అనేవాడు. విప్పి చూస్తే సరిగ్గా అదే. చూసేవాళ్ళు నోరెళ్ళబెట్టేవాళ్ళు.

అదిగో, అక్కడే వచ్చింది చిక్కంతా. నలుగురూ పొగుడుతుంటే మనిషికి తలకెక్కకుండా ఉంటుందా? కొన్నాళ్ళకి విప్పడం, చూడడం తగ్గించేసి ఫోన్లోనే వైద్యం మొదలుపెట్టాడు. "ఫోను డబ్బాకి దగ్గరగా పెట్టండి... ఆఁ, చాలు. ఫ్యాను పక్కన రేకు వదులైంది. అరచేత్తో ఒక్కటి వెయ్యండి, నోరు మూసుకుంటుంది." చాలాసార్లు నిజంగానే మూసుకునేది. అదిరే రేకు ఒక్క దెబ్బకి సర్దుకుంటుంది కదా! దాంతో బజారంతా డాక్టరు గారి దెబ్బ అంటూ చెప్పుకుని మురిసిపోయారు. ఆయన ఇంకా ఎక్కువ మురిసిపోయాడు.

ఆయనకి ఒక అక్క. అమ్మ పోయేనాటికి ఆయనకి తొమ్మిదేళ్ళు, ఆవిడకి పంతొమ్మిది. ఇంకొకరైతే తన దారి తాను చూసుకునేవాళ్ళే. ఆవిడ ఎంబ్రాయిడరీ యూనిట్లో పనికి చేరి, తమ్ముణ్ణి చదివించి, హార్డ్‌వేర్ కోర్సులో చేర్పించి, షాపు తెరిచేదాకా వెనకాలే ఉంది. యూనిట్లో ఆవిడ పని రోజంతా నిలబడే. వరసగా గడగడలాడే మిషన్ల మధ్య తిరుగుతూ, తెగిన దారం ఎక్కించాలి, విరిగిన సూది మార్చాలి. ముప్పై ఏళ్ళు అలా నిలబడి నిలబడి పిక్కల మీద నరాలు ఉబ్బిపోయాయి. ఇంటికొచ్చాక కుర్చీలో కూర్చుని మరో కుర్చీ మీద కాళ్ళు చాపుకుంటే గాని మాట వచ్చేది కాదు.

అలా కాళ్ళు చాపుకుని ఆవిడ చేసే పని ఒకటుంది. తమ్ముడు పాత విడిభాగాలు ఏరి కట్టి ఇచ్చిన కంప్యూటర్లో డిజైన్లు గీసేది. తీగలు, అంచులు, మెడ చుట్టూ వచ్చే పూలు, చేతుల మీదికి చిన్న బుటాలు. ఎవరూ నేర్పలేదు. పదకొండేళ్ళలో నాలుగొందల పైచిలుకు గీసింది. గీసి ఏం చేసేది? ఏమీ లేదు, దాచుకునేది.

ఆ సంగతి ఎలాగో మేనేజరమ్మ చెవిన పడింది. "డిజైన్ గదిలో ఒక సీటు ఖాళీ అవుతోంది. వచ్చే నెల ఒకటో తారీఖున మంచివి ఒక అరవై తీసుకురా. బాగుంటే సీటు నీదే" అంది. కూర్చుని చేసే పని! ఆవిడ ఆ సాయంత్రం ఇంటికి నడిచిందో, ఎగిరొచ్చిందో ఆవిడకే తెలీదు.

సరిగ్గా అప్పుడే కంప్యూటర్ మొరాయించడం మొదలుపెట్టింది. తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఇది ఏదో చప్పుడు చేస్తోందిరా. ఒకసారి వచ్చి చూడరా."

షాపులో నలుగురు నిలబడి ఉన్నారు. "ఫోను డబ్బా దగ్గర పెట్టక్కా" అన్నాడు. గుర్రుమంటూ వినిపించింది. "ఏముంది, ఫ్యాను. అరచేత్తో ఒక్కటి వెయ్."

"అది కాదురా. గుర్రుమనేది ఒకటి. దాని అడుగున ఇంకోటి ఉంది. టక్, టక్, ఆగి మళ్ళీ టక్. ఫైలు తెరిచినప్పుడే వస్తోంది."

చూశారా! రోజుకి ఎనిమిది గంటలు మిషన్ల మోతలో ఉండి, ఏ సూది ఎక్కడ తడబడుతోందో దూరం నుంచే పసిగట్టే మనిషి చెబుతోంది. ఆ టక్ టక్ అన్నది హార్డ్ డిస్కు కొట్టుకునే చప్పుడని ఈ పనిలో నిన్న చేరినవాడికి కూడా తెలుసు. ఆ మాట పరాయివాళ్ళు చెప్పి ఉంటే "వెంటనే ఆపెయ్యండి, ముట్టుకోవద్దు" అని కేకలేసి పరిగెత్తుకెళ్ళేవాడు. చెప్పింది అక్క. ఆ టక్ టక్ ఫోన్లో వినిపించలేదు, వినిపించనిది తన లెక్కలో లేదు.

"అబ్బ, నాకు చెప్తావేంటక్కా! చప్పుడు చేసినప్పుడల్లా ఒకటి వెయ్యి. తీరిక దొరగ్గానే వస్తాను."

తీరిక దొరకలేదు. బజారు అవతల మనిషి పిలిస్తే బండేసుకుని వెళ్ళేవాడు, రెండు వీధుల అవతలున్న అక్క ఇంటికి మాత్రం రేపు, ఎల్లుండి. సొంత మనిషే కదా, ఎక్కడికి పోతుందిలే అని. వచ్చినవాళ్ళందరికీ "ఫైళ్ళు రెండుచోట్ల దాచుకోండి" అని పాఠాలు చెప్పే మనిషి, అక్కకి ఆ ముక్క ఒక్కసారైనా చెప్పిన పాపాన పోలేదు. ఆవిడ మాత్రం తమ్ముడు చెప్పింది చెప్పినట్టు చేసింది. చప్పుడు రాగానే ఒక దెబ్బ. మూడు వారాలు.

నెలాఖరుకి ఇంకా నాలుగు రోజులుందనగా తెర నల్లబడింది. ఈసారి ఫోన్లో ఆవిడ గొంతు విని, షాపు తలుపు కూడా సరిగ్గా వెయ్యకుండా వెళ్ళాడు. అక్క పక్కన పక్కింటి టీచరమ్మ కూర్చుని ఉంది, అరవై డిజైన్లు ఏరడానికి సాయం వచ్చింది. ఆయన గొంతుక్కూర్చుని రేకుకి చెవి పెట్టాడు. లోపల బరబర గీసుకుపోతోంది. వెంటనే ప్లగ్గు పీకేశాడు. తిరుగుతున్న డిస్కు మీద రోజూ పడ్డ దెబ్బలకి, దాన్ని చదివే ముల్లు కిందికి దిగి, గీతలు పడ్డాయని తెలిసిపోయింది.

"ఏమైందిరా?" అంది అక్క. అంతలోనే తన కుడిచెయ్యి వంక చూసుకుంది. "నేను గట్టిగా కొట్టానా?"

టీచరమ్మ చూస్తోంది. ఆవిడ వాళ్ళ బడి కంప్యూటర్లన్నీ ఈయన చేతిలోనే పెట్టిన మనిషి. నిజం చెప్పడానికి ఒక్క క్షణం దొరికింది. ఆ క్షణంలో డాక్టరు గారు నీళ్ళు నమిలారు.

"కాస్త... గట్టిగానే కొట్టి ఉంటావక్కా."

అన్నాడు, అనేశాడు. నాలుక కరుచుకున్నా ఏం లాభం? నోట్లోంచి వచ్చేసింది.

డిస్కు పట్టుకుని, పోయిన ఫైళ్ళు తీసేవాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. కాళ్ళావేళ్ళా పడ్డాడు. వాళ్ళు తీయగలిగింది తొమ్మిది ఫైళ్ళు, అవీ సగం సగం. ఒకటో తారీఖున అక్క వట్టి చేతుల్తో వెళ్ళి నిలబడింది. మేనేజరమ్మ పాపం వారం ఆగింది. ఆ పైన ఆ సీట్లో వేరే అమ్మాయి కూర్చుంది. అక్క మళ్ళీ మిషన్ల మధ్యకి పోయింది.

తమ్ముడు కొత్త కంప్యూటర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆవిడ దాని మీద గుడ్డ కప్పి ఉంచింది. ఎప్పుడు వెళ్ళినా గుడ్డ కప్పే ఉండేది. "గీయవేంటక్కా?" అంటే, "నువ్వొచ్చినప్పుడు ఆన్ చెయ్యరా, చూస్తాను. నా చెయ్యి మొరటుది, పడితే ఇదీ పోతుంది" అనేది. యూనిట్లో కూడా సూది మార్చే ముందు ఒక క్షణం తటపటాయిస్తోందని, మేస్త్రీ విసుక్కుంటున్నాడని తెలిసింది. ముప్పై ఏళ్ళు తడుముకోకుండా చేసిన చెయ్యి!

ఆయనకి అన్నం సహించలేదు. మింగలేక కక్కలేక ఏడాది గడిపాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఇక లాభం లేదని వెళ్ళి, అక్క ముందు కూర్చున్నాడు. టీచరమ్మ కూడా అక్కడే ఉంది. ఉంటే ఉండనీ అనుకున్నాడు.

"అక్కా, నీ తప్పు లేదు. ఎంత నెమ్మదిగా తట్టినా పోయేదే. అసలు దాన్ని ముట్టుకోకూడదు. నువ్వు టక్ టక్ అని సరిగ్గానే చెప్పావు. నేనే వినలేదు. కొట్టమన్నది నేను. ఆ రోజు పరువు పోతుందని నీ మీద తోసేశాను."

చెబుతుంటే ఏడుపొచ్చేసింది. అక్క నవ్వి, ఆయన తల మీద చెయ్యి వేసి నిమిరింది.

"పిచ్చివెధవా, ఇన్నాళ్ళూ నా గురించే బెంగ పెట్టుకున్నావా" అంది. టీచరమ్మ వైపు తిరిగింది. "చూశారా వీణ్ణి? నన్ను ఓదార్చడానికి ఎంత కథ అల్లుకొచ్చాడో. చప్పుడు వినడంలో నా తమ్ముడు పొరబడడం ఎక్కడైనా ఉందా?"

"కాదక్కా, నిజం" అన్నాడు.

"సర్లే, నిజమే" అంది అక్క. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.