పొగ కక్కుతూ దిగిన డ్రోన్

నంద్యాలలో డ్రోన్ నడపడం నేర్చుకుని, ఆళ్లగడ్డ దగ్గర మా ఊరి చేలల్లో మందు కొట్టడం మొదలుపెట్టిన కొత్త అది. ఆ పొద్దు మా చిన్నమామ వరిమడికి కొడుతున్నాను. చూడడానికి ఊరంతా గడ్డివామి దగ్గర గుమిగూడింది. పని ముగించి డ్రోన్‌ను వాళ్ల ముందున్న ఖాళీ జాగాలో దించబోతుంటే, బ్యాటరీలోంచి తెల్లటి పొగ లేచింది!

"అమ్మీ, బేగా దించు! నీళ్లు తెస్తాండా!" అంటూ మామ బిందెతో పరుగెత్తుకొచ్చాడు.

అక్కడ దించితే వామీ, జనమూ పక్కనే. "దగ్గరికి రావద్దు మామా, పేలుతాది!" అని అరిచి, డ్రోన్‌ను మళ్లీ పైకి లేపి, దున్ని వదిలేసిన పక్కచేనిలోకి మళ్లించాను. నేలను తాకిందో లేదో భగ్గుమంది. పటపటమని పేలింది. ఎవరినీ గట్టు దాటనివ్వలేదు. అంతా కాలి చల్లారాకే దగ్గరికి పోయి చూశాను, డ్రోన్ బూడిదైపోయింది.

"మిషన్ పోతే పోనీలే తల్లీ, ఇంతమందిని కాచినావ్" అన్నాడు మామ.

ఇప్పుడు ఏ చేనికి పోయినా, మంటొస్తే ఎక్కడ దించాలో చూసుకున్నాకే డ్రోన్ లేపుతాను.

– లక్ష్మీదేవి, ఆళ్లగడ్డ