నవ్వాల్సిన చోటు

రిచ్‌మండ్ హిల్ నుంచి టొరంటోలోని నార్త్ యార్క్ వెళ్లే బస్సులో నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని, పక్క సీట్లో కూర్చున్న పెద్దావిడ నా వైపు తిరిగింది. ఆవిడ ఫోన్లో ఒక బ్రిటిష్ సినిమా మధ్యలో ఆగి ఉంది. పదహారేళ్ల పిల్ల తొలి ప్రేమ కథ. రివ్యూలన్నీ ఆకాశానికెత్తేసిన కామెడీ.

"ఈ సినిమా చూశావా అమ్మా? ఇక్కడ నవ్వెందుకొస్తుందో కాస్త చెప్తావా?" అంది.

తెర మీద, లంచ్ బాక్స్ పట్టుకుని వెనకాలే పరిగెత్తుకొచ్చిన తల్లి ముఖం మీదే కూతురు తలుపు వేసేస్తుంది. నేను చూసిన రోజు ఆ సీనుకి హాలంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను.

"తలుపేసేసినా ఆ తల్లి ఇంకా మాట్లాడుతూనే ఉంటుంది కదా ఆంటీ, అందుకని" అన్నాను. చెప్పాక నాకే నవ్వు రాలేదు.

"మా అమ్మాయే తీసుకెళ్లింది. అందరూ నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చేసింది, ఆపుకోలేకపోయా. 'మామ్, ఇట్స్ ఎ కామెడీ' అని లేచెళ్లి వేరే సీట్లో కూర్చుంది. మళ్లీ నన్ను ఏ సినిమాకీ రమ్మనలేదు."

"ఒక్కొక్కరికి ఒక్కోలా అనిపిస్తుంది ఆంటీ" అన్నాను.

ఆవిడ తలూపి, సీను వెనక్కి జరిపింది. తలుపు మూసుకుంది. ఆవిడ చిన్నగా నవ్వింది, కానీ కాస్త ఆలస్యమైంది. మళ్లీ వెనక్కి జరిపింది. మళ్లీ నవ్వింది.

నేను దిగే స్టాప్ వచ్చేసరికి ఆ నవ్వు సరిగ్గా వేళకి వస్తోంది.