చుక్కలు లేని ముగ్గు కోసం శంషాబాద్ దాకా

నా భార్య సుశీల చివరి నెలల్లో నొప్పికి బలమైన మందులు వాడింది. కళ్లు మూసుకుంటే ముగ్గులు కనిపిస్తున్నాయనేది. "చుక్కలు ఎవరూ పెట్టడం లేదండీ, గీతలు వాటంతటవే కలుస్తున్నాయి. నాకు మతి పోతోందా?" అని ఒకసారి అడిగింది. జవాబు నాకు తెలియదు. తను పోయి ఏడాది దాటింది. భ్రాంతి కలిగించే మందులు చూపునూ మెదడునూ ఎలా మారుస్తాయో శంషాబాద్‌లో ఉపన్యాసం ఉందని, మందు లేకుండానే ఆ ఆకారాలను దీపంతో చూపిస్తారని ఈమధ్య విన్నాను. ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాను.

బుద్వేల్‌లో తొమ్మిదింటికి ఆటో ఎక్కాను. రానూపోనూ ఏడు వందలు. రాజేంద్రనగర్ మీదుగా ముప్పావుగంట. విమానాశ్రయం వైపు పోకుండా ఊళ్లోకి తిరగాలి. డ్రైవర్ యాదయ్య అద్దంలోంచి చూస్తూ, "ఏం ఫంక్షన్ సార్?" అన్నాడు.

"మత్తుమందుల మీద ఉపన్యాసం."

ఆటో నెమ్మదించింది. "గీ వయసుల గిదేంది సార్! పోలీసోళ్లొస్తే మీరెవరో నాకు తెల్వదు, ముందే చెప్తున్న."

హాల్లో ఉపన్యాసం ఇచ్చింది ఒక యువ డాక్టరు. కంటి నుంచి వచ్చేదాన్ని మెదడు తన అంచనాలతో సరిచూసుకుంటుందట. ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు, కొన్ని పుట్టగొడుగుల్లోని పదార్థం మెదడులో సెరొటోనిన్ అనే రసాయనం పనిచేసే చోట్లను తాకి ఆ అంచనాల పట్టు సడలిస్తాయి. అప్పుడు కళ్లు మూసినా చూపు కేంద్రం ఊరుకోదు. తన నరాల అల్లికనే తాను చూస్తుంది. వలలు, సుడులు, సొరంగాలు. నేను లేచి సుశీల సంగతి అడిగాను.

"ఆ మందు వేరండీ, పనిచేసే తీరూ వేరు. కానీ జ్వరంలోనూ ఇలాంటివి రావచ్చు. అది మతి పోవడం కాదు," అందావిడ. "చూస్తారా? మూర్ఛలు, పార్శ్వపు తలనొప్పి లేవు కదా?"

లేవన్నాను. కళ్లు మూసుకున్నాను. ఎదురుగా తెల్లటి దీపం టపటపా కొట్టుకుంది. ముందు ఎరుపు. తర్వాత తేనెపట్టు లాంటి గడులు, పసుపు, నీలం. ఒకదాన్నొకటి పట్టుకుని తిరుగుతున్నాయి. ఎంత అందం! దీపం ఆగింది.

"ఆపకండి, చెరిగిపోతుంది!" పైకే అరిచాను.

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ చివరి నెలల్లో ఓ రాత్రి నేను లైటు వేయబోతే సుశీల అన్న మాట అదే. అప్పుడది భయమనుకున్నాను.

బయట యాదయ్య, "ఏం కనపడ్డది సార్?" అన్నాడు.

"ముగ్గులు."

"గంతేనా? మా ఇంటిదాన్నడిగితె పైసల్లేకుండ చూపిస్తుండె!"

దారంతా అతనికి రంగులు వర్ణిస్తూనే ఉన్నాను. విమానం ఒకటి నెత్తిమీదుగా దిగుతుంటే గొంతు పెంచి మరీ చెప్పాను. సుశీలకు కనిపించింది నాకూ కనిపించింది. జవాబు దొరికింది, అడిగిన మనిషి లేదు.

వెళ్లాలనుకునేవారికి ఒక సలహా: ఒంటరిగా వెళ్లకండి. కళ్లు తెరవగానే చెప్పుకోవడానికి పక్కన మనిషి ఉండాలి.