బత్తీసా, ఛత్తీసా

కోఠికి నేనొక్కదాన్నే వెళ్లడం అదే మొదలు. మా తమ్ముడు ఇబ్రహీంపట్నంలో పెళ్లి ఫొటోల దుకాణం నడిపేవాడు. కొత్త కంప్యూటర్ కోసం సామాన్లన్నీ ఒక్కొక్కటిగా తెచ్చి పెట్టుకున్నాడు. మెమరీ ఒక్కటే మిగిలింది. అంతలో ఊపిరితిత్తుల జబ్బు వాడిని తీసుకుపోయింది. ఇప్పుడు దుకాణం మరదలు చూస్తోంది. ఆ మెమరీ తేవడానికే నా ప్రయాణం.

ఎంత స్పీడుది కొనాలో దవాఖానలో నాకే చెప్పాడు. అక్కకు చెబితే రాసి పెట్టినట్టేనని వాడి నమ్మకం. ముఖానికి ఆక్సిజన్ మాస్కు. బజారు వాళ్లలా అంకెలు ఉర్దూలో చెప్పడం వాడికి అలవాటు. "...త్తీస్ సౌ" అన్నాడు. బత్తీస్ అంటే ముప్పై రెండు, ఛత్తీస్ అంటే ముప్పై ఆరు, సౌ అంటే వందలు. మొదటి అక్షరం మాస్కులోనే ఉండిపోయింది. మళ్లీ అడిగితే ఆయాసపడతాడని, "అవ్ తమ్మీ, సమజైంది" అన్నాను.

ఉదయం ఎనిమిదిన్నరకు బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్. పక్కన యాచారం పెద్దమ్మ ఒకామె, ఒళ్లో కాకరకాయల సంచి.

"ఏడికి బిడ్డా?"

"కోఠికి. మెమరీ కొనాలె."

"అంటే యాదికుండే మందా? నాకు గూడ ఓ సీసా పట్టుకరా. పొద్దుగాల నోట్ల పెట్టుకునే పండ్ల సెట్టు ఏడ పెట్టిన్నో దొరకనే లే."

నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపూ వచ్చింది. ఆమె ఏమీ అడగకుండా కొంగు అందించింది.

పదింబావుకు కోఠిలో దిగాను. దుకాణాలు పదకొండు దాటితేగాని తెరవరు. చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లతో పొద్దుపుచ్చాను. వెళ్లేవాళ్లు మదర్‌బోర్డు పెట్టె నాలాగే వెంట తీసుకెళ్లండి; మెమరీ బిగించేది ఆ బోర్డుకే, దాన్ని చూసే చెబుతారు. అందులో ఏదో ఒకటే పడుతుందని, తమ్ముడు అన్నది అదేనని తేలిపోతుందని నా ఆశ.

దుకాణదారు పెట్టె తిప్పి చూశాడు. "దీంట్ల రెండూ నడుస్తయ్ అక్కా. బత్తీస్ సౌ పెట్టంగనే నడుస్తది. ఛత్తీస్ సౌ అయితే సెట్టింగ్ మార్చుకోవాలె. ఫొటోల పనికి ఫరక్ తెల్వనే తెల్వది. ఏదైనా ఒకే స్పీడుది జోడీ తీస్కో. ఒకటి మెల్లగుంటే రెండోది గూడ గట్లనే నడుస్తది."

"మా తమ్ముడు ఏది చెప్పిండో?"

"ఫోన్ జేసి అడుగరాదు."

"లేడు."

"పన్ల ఉన్నడేమో, జరసేపాగి చెయ్."

అతను నా ముఖం చూసి కుర్చీ ముందుకు జరిపాడు.

మరదలు ఒక్కతే నడుపుకోవాలి కదా అని, సెట్టింగుల తిప్పలు లేని బత్తీస్ సౌ జోడీ తీసుకున్నాను.

ఒంటిగంటన్నరకు తిరుగు బస్సు. ఎల్బీనగర్ దాటాక మరదలు ఫోన్ చేసింది.

"దొరికిందా వదినె? ఆయన చెప్పిందే తెచ్చినవా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. "నాకు సరిగ్గ ఇనబడలే పిల్లా. ఇనబడ్డదని చెప్పిన."



"నాకు గూడ చెప్పిండు వదినె. నాకు గూడ ఇనబడలే. నీకు యాదుంటదని ఊకున్న."

కోఠి పోయి రావడం ఒక పూట పనే. ఆ రోజు మాత్రం బొంగులూరు గేటు దాకా నాకు దారి తరగలేదు. ఇద్దరం ఫోన్ పెట్టనూ లేదు, మాట్లాడనూ లేదు.