పొడిబట్ట

వానాకాలం ఎక్కడికి బయల్దేరినా నా సంచిలో ఒక పొడిబట్ట ఉంటుంది.

ఒకసారి జోరువానలో, మునిమాపు మెదక్ బస్టాండులో మా పాప నా ఒళ్లో జ్వరంతో కాలిపోతోంది. అక్కడి డాక్టర్లు పట్నం దవాఖానాకు తీసుకుపొమ్మన్నారు. హెడ్‌లైట్ల లోపల చెమ్మపట్టి దారి కనబడదని డ్రైవర్ బస్సు తీయనన్నాడు. అద్దాలు ఊడదీశాడు గాని, ఎవరి బట్టతో తుడిచినా తడే.

"పొడిబట్ట ఉంటే ఇయ్యుండ్రి" అని అందరినీ బతిమాలాను.

చేగుంట పోయే ఒక నెరిసిన గడ్డం ఆయన మూట విప్పి, కొత్త తెల్లబట్ట కొంత చింపి ఇచ్చాడు. అద్దాలు తేటబడ్డాయి.

బస్సు కదిలాక అడిగాను. "కొత్తబట్ట చింపిండ్రు చాచా, ఎవరికి కొన్నరు?"

"మా అమ్మకు చుట్టనీకి కఫన్ బట్ట. పొద్దుగాల పోయింది."

ఆయన పాప నుదురు తాకి చూశాడు.

"ఆమె ఉంటే నా చేతులకెల్లి గుంజుకొని చింపిచ్చేది" అన్నాడు.