ఒకే నంబరు మీద రెండు పడవలు

నాకు కుదురు లేదు. ఈ మాట మా అమ్మ చెప్పింది, బళ్లో మేష్టారు చెప్పారు, పెళ్లయిన మూడో రోజుకే మా ఆవిడ కూడా కనిపెట్టేసింది. కూర్చుంటే మోకాలు ఊగుతుంది. నిలబడితే వేళ్లు ఏదో ఒకటి తిప్పుతూ ఉంటాయి. అలాంటివాణ్ని తీసుకెళ్లి షిప్‌యార్డు డ్రాయింగు ఆఫీసులో ట్రేసరుగా కూర్చోబెట్టారు. ఇంజనీర్లు పెన్సిలుతో వేసిన బొమ్మ మీద ట్రేసింగు గుడ్డ పరిచి, గీత మీద గీత, అంకె మీద అంకె ఇంకుతో దించడం నా పని. చెయ్యి ఎప్పుడూ కదులుతూ ఉంటుంది కాబట్టో ఏమో, ఆ పని నాకు పడింది. నేను దించిన బొమ్మలో ఒక్క అంకె తప్పు రాదని మా సెక్షన్లో పేరు. ఆ పేరే తర్వాత నా కొంప ముంచింది.

ఎనభైల మొదట్లో మాట. యార్డులో వడ్రంగి పని చేసే ఒకతన్ని నేను బావా అనేవాణ్ని, అతనూ నన్ను బావా అనేవాడు. చుట్టరికం ఏమీ లేదు. మా వైపు ఇద్దరు మగాళ్లు రెండుసార్లు కలిసి టీ తాగితే బావలైపోతారు. నాది శృంగవరపుకోట దగ్గర పల్లె, వ్యవసాయం ఇల్లు. అతనిది ఓల్డ్ టౌను, తాతల నాటి నుంచి క్రైస్తవులు. అతనికి ఉన్నంత నిదానం నేను మరో మనిషిలో చూడలేదు. మేకు కొట్టేముందు కూడా దాని మొహంలోకి ఒకసారి చూసేవాడు.

రిపేరుకొచ్చిన ఒక విదేశీ ఓడలో రేడియో ఆఫీసరు గది తలుపు బిగుసుకుపోతే, బావ దాన్ని చిత్రిక పట్టి సరిచేశాడు. ఓడ కదిలేముందు ఆ దొర అతని చేతిలో ఒక అట్టపెట్టె పెట్టి వెళ్లాడు. అందులో పొడుగాటి ఏరియల్ ఉన్న రేకు పెట్టె, అగ్గిపెట్టెంత రిసీవరు, రెండు బుల్లి మోటార్లు ఉన్నాయి. రేకు పెట్టె మీద రెండు పుల్లలు. ఒడ్డున నిలబడి కుడి పుల్ల కదిపితే నీళ్లమీద పడవ చుక్కాని తిరుగుతుంది. ఎడమది కదిపితే తెరచాప బిగుస్తుంది, వదులవుతుంది. ఇంజను ఉండదు, పడవని లాగేది గాలే.

మర్నాటికే ఇద్దరం చెరో పడవ మొదలుపెట్టాం. గజం పొడుగువి. నా తెరచాప ఆఫీసులో పారేసిన ట్రేసింగు గుడ్డతో కత్తిరించాను. ఆ గుడ్డకి గంజి దట్టంగా పట్టిస్తారని తెలిసి కూడా తొందరలో ఉడకబెట్టలేదు. మొదటిరోజు నాలుగు చుక్కలు పడగానే గంజి కరిగి, తడిసిన అప్పడంలా వేలాడింది. బావ తెరచాప వాళ్లావిడ పెళ్లినాటి తెల్లచీర. ఇవ్వనని పదిహేను రోజులు అలిగి, చివరికి ఆవిడే అంచులు మడిచి కుట్టి ఇచ్చిందట. మా ఇంట్లో ఆ పప్పులుడకవు. "ఆ సెక్కముక్కకున్న రాత నాకు నేకపోయింది. దానికి మూడు పూతల రంగు, నా గుమ్మానికి ఒక్క పూత నేదు," అనేది మా ఆవిడ.

పడవలు రెండు, వాటిని నడిపే దొర సెట్టు ఒకటి. ఇదే మా బాధంతా. ఆదివారం సింహాచలం కొండల కింద ఉన్న ఒక చెరువుకి నా స్కూటరు మీద వెళ్లేవాళ్లం. ఎర్ర రంగు వేసిన నూనె డబ్బాలకి రాళ్లు కట్టి నీళ్లలో వదిలేవాళ్లం. ఒకడు ఆ డబ్బాల చుట్టూ పడవ తిప్పుకొచ్చేదాకా రెండోవాడు వాచీ చూడాలి. తర్వాత రిసీవరు, మోటార్లు విప్పి, రెండో పడవలో రబ్బరు బ్యాండ్లతో కట్టి, వాడి వంతు. ఆ మార్పిడికి అరగంట పట్టేది. అరగంటలో గాలి ఊరుకుంటుందా? అతని వంతుకి నిండుగా వీచేది, నా వంతుకి పడిపోయేది. ఒక్కోసారి నాకూ కలిసొచ్చేదిలెండి, అది నాకు గుర్తుండేది కాదు.

"నీకు గాలి కలిసొచ్చింది. నా వొంతుకి సచ్చింది," అని ఎగిరేవాణ్ని.

"మరి గాల్ని నానేటి జేబులో ఎట్టుకొచ్చానేటి?" అనేవాడు బావ, స్క్రూ విప్పుతూ.

అసలు అతను చర్చి నుంచి వచ్చేసరికే పది దాటేది. నేను ఏడింటికే చర్చి వీధి చివర స్కూటరు ఆపుకుని కాలుగాలిన పిల్లిలా తిరిగేవాణ్ని. లోపల పాట మీద పాట. బయట కొబ్బరాకులు ఊగుతుంటే, మంచి గాలంతా ప్రార్థనకే అయిపోతోందని పళ్లు కొరుక్కునేవాణ్ని. అతను ఇస్త్రీ చొక్కాతో తాపీగా వచ్చి వెనక కూర్చునేవాడు.

మూడేళ్లు ఇలాగే నడిచింది. వాచీ లెక్కన ఎక్కువసార్లు అతనే గెలిచేవాడు. కారణం కూడా అతనే చెప్పేవాడు, ప్రతి ఆదివారం, విసుగు లేకుండా.

"సెయ్యి కదపకు బావా. సుక్కాని తిప్పినప్పుడల్లా బ్రేకేసినట్టే. పడవకి దారి సూపించి ఒగ్గేయ్."

నా వల్ల అయ్యేదా? పుల్ల మీద బొటనవేలు పెడితే అది నా మాట వినేది కాదు. పడవ తిన్నగా వెళ్తున్నా అటో ఇటో తోసేది. కానీ నేనెప్పుడూ ఒప్పుకోలేదు. ఒకే గాలిలో, పక్కపక్కన, రెండు పడవలూ ఒక్కసారి వదిలితే అప్పుడు తెలుస్తుంది ఎవడు గొప్పో అని వాదించేవాణ్ని. ఆ ఒక్కటి తేలకపోతే నాకు నిద్ర పట్టదన్నట్టు అయిపోయింది. దానికి రెండో సెట్టు కావాలి.

మా క్వార్టర్స్‌లో పక్కింటాయన సరుకు ఓడల్లో పనిచేసేవాడు. ఏడాదికోసారి ఇంటికొచ్చేవాడు. ఆయన మళ్లీ ఓడెక్కేముందు బావ సెట్టు అడిగి తెచ్చుకుని, మూత విప్పి, లోపల ఎక్కడెక్కడ ఏ అంకె ఉందో అన్నీ ఒక కాగితం మీదకి ఎక్కించాను. ట్రేసర్ని కదా. ఒక్క అంకె వదల్లేదు. అచ్చం ఇలాంటిదే తెమ్మని చేతిలో పెట్టాను. ఆ పూట నా పనితనానికి నేనే మురిసిపోయాను.

ఆయన తిరిగొచ్చేసరికి ఇక్కడ కథ మారింది. బావకి ఒక సరుకు ఓడ మీద వడ్రంగి ఉద్యోగం దొరికింది, వేరే రేవుకి వెళ్లి ఎక్కాలి. గురువారం రైలు. చేతిలో ఒక్క ఆదివారమే మిగిలింది. శనివారం సాయంత్రం పక్కింటాయన కొత్త పెట్టె తెచ్చి బల్లమీద పెట్టాడు.

"నువ్వు రాసినట్టే తెచ్చాను, సూసుకో. ఒక్క అచ్చరం తేడా నేదు. లోపలున్న ఆ బుల్లి బిళ్ల నంబరు కోసం కొట్టోడు గోడౌనంతా ఎతికాడు. ఏరే నంబర్లు బోలెడున్నాయి, అవొద్దన్నాను."

నేను ఆయన చేతులు పట్టుకుని ఊపేశాను.

అది వానలు వెనకబట్టిన కార్తీకం. చెరువు నిండి, మిగులు నీళ్లు ఎడమవైపు అలుగు మీంచి దూకుతున్నాయి. కుడివైపు ఒడ్డంతా గుర్రపుడెక్క అల్లుకుంది. కొండ పక్కనుంచి, అంటే మా కుడినుంచి, గాలి, నిండుగా, మూడేళ్లలో ఎన్నడూ చూడనంత మంచి గాలి. పడవలు రెండూ నీళ్లలో పెట్టాం. అతను తన పెట్టె మీట నొక్కాడు, నేను నాది నొక్కాను. రెండు పడవలకీ పూనకం వచ్చింది. చుక్కానులు టకటకా కొట్టుకున్నాయి, తెరచాపలు బిగుసుకుని వదులై మళ్లీ బిగుసుకున్నాయి. మీటలు కట్టేసి పడవలు అందుకున్నాం.

బావ రెండు పెట్టెల మూతలూ విప్పి, గోరంత బిళ్లలు రెండూ పీకి అరచేతిలో పక్కపక్కన పెట్టుకున్నాడు. ఆ బిళ్లే క్రిస్టల్. సెట్టు ఏ నంబరు మీద మాట్లాడాలో అదే చెబుతుంది. రెండు సెట్లు కలిసి పని చెయ్యాలంటే ఆ నంబరు ఒక్కటి వేరుగా ఉండాలి. నేను దాన్ని కూడా ఎక్కించి ఇచ్చాను.

"బావా, నువ్వు గొప్ప ట్రేసరివే," అన్నాడు. నవ్వి నవ్వి గట్టుమీద కూలబడ్డాడు.

నాకు నవ్వు రాలేదు. కొత్త పెట్టె చెరువులోకి విసిరేద్దామని చెయ్యెత్తాను కూడా. వేరే బిళ్ల రావాలంటే మళ్లీ ఏడాది. గురువారం రైలు.

అతనే చెయ్యి పట్టుకుని ఆపి, బిళ్లలు రెండూ మళ్లీ పెట్టెల్లో గుచ్చాడు. "ఆగు. నా పెట్టి కట్టేత్తాను. నీదొక్కటే మాటాడితే రెండు పడవలూ దాని మాటే ఇంటాయి కదేటి? రెండూ నువ్వే నడుపు. ఏది ముందొత్తే అది గెలిసినట్టు."

"అందులో నీ సెయ్యేదీ? ఎవుడు గొప్పో ఎలా తెలుత్తాది?"

"కట్టినోల్లలో ఎవుడు గొప్పో తెలుత్తాది. అది సాల్లే."

అలా రెండు పడవలూ ఒక్క బొటనవేలి కింద బయల్దేరాయి. నేను కుడికంటే రెండూ కుడికి, ఎడమంటే రెండూ ఎడమకి. చూడ్డానికి ఎంత బాగుందంటే మొదటి డబ్బా దాకా పందెం సంగతే మరిచిపోయాను. అక్కడ తేడా వచ్చింది. నాది తేలిక పడవ, చటుక్కున తిరిగింది. అతనిది బరువు, వెడల్పుగా తిరిగి ఎడమకి జరిగిపోయింది. కానీ వేగం దానిదే. రెండో డబ్బా తిరిగి మావైపు వచ్చేసరికి తెల్లచీర తెరచాప మూరెడు ముందుంది, అయితే అలుగువైపు దారి పట్టి ఉంది. నాది గెలుపు డబ్బాకి తిన్నగా గురిపెట్టినట్టు వస్తోంది.

మనవైపు వచ్చే పడవకి కుడి ఎడమలు తారుమారు. పుల్ల ఎడమకి వేలెడు తోస్తే చాలు, అతని పడవ అలుగు వదిలి మా కుడివైపు తిరిగేది. నాది కూడా తిరిగేది. తిరిగి గుర్రపుడెక్కలో ఇరుక్కునేది. నా పడవకి ఏమీ అయ్యేది కాదు, పందెం పోయేది, అంతే.

చూశాను. చూడలేదని బుకాయించడానికి వీల్లేదు. తెల్ల తెరచాప కింద నీళ్లు నున్నగా లాగుతుండటం కూడా చూశాను. పక్కన బావ తన పెట్టె చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. అతను మీట నొక్కితే చాలు, రెండు పడవలూ పిచ్చెక్కి ఎటో అటు తిరిగేవి. నొక్కలేదు. నా బొటనవేలు పుల్ల మీద రాయిలా ఉండిపోయింది. నా పడవ డబ్బా దాటింది. అతనిది అలుగు మీద ఒక్క క్షణం ఆగినట్టు ఆగి, ముక్కు వంచి కిందికి దూకింది. విరిగిన చప్పుడు నీళ్ల హోరులో కూడా వినిపించింది.

బావ పంచె ఎగ్గట్టి అలుగు కిందికి దిగాడు. పావుగంటకి తిరిగొచ్చాడు, ఒక చేతిలో చుక్కాని, మోటార్లు మిగిలిన వెనక సగం పడవ, భుజం మీద తడి తెరచాప.

"గెలిసావ్ బావా," అన్నాడు.

అతను తెరచాప పిండుతూ మళ్లీ అన్నాడు.

"మూడేల్ల నుంచి మొత్తుకుంతన్నాను సెయ్యి కదపొద్దని. ఇయాల కదపనేదు నువ్వు."

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే పోట్లాడేవాణ్ని, పోట్లాట నాకు చేతనవును. తిరిగొచ్చేటప్పుడు స్కూటరు వెనక కూర్చుని అతను ఆ తెరచాపని గాలికి ఆరబెట్టుకుంటూ వచ్చాడు. దారంతా నా వీపు వెనక అది టపటపా కొట్టుకుంటూనే ఉంది. తప్పయిపోయిందని చెప్పడానికి చర్చి వీధి మలుపు దాకా టైముంది. చెప్పలేదు.

బుధవారం తన సెట్టు, ఆ సగం పడవతో సహా, మా ఇంట్లో ఇచ్చేసి వెళ్లాడు, ఓడలో తనకెందుకని. తర్వాత ఊరొచ్చినప్పుడల్లా కలిశాం, టీ తాగాం, పిల్లల చదువుల మాటలు చెప్పుకున్నాం. పడవ మాట అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మరుసటేడు పక్కింటాయన వేరే నంబరు బిళ్ల తెచ్చిచ్చాడు. సెట్టులో పెట్టి చూశాను. బల్లమీద రెండు చుక్కానులు, మొదటిసారి, దేని దారి దానిదిగా తిరిగాయి. రెండో పెట్టె పట్టుకునే మనిషే లేడు.

నాకు సిగ్గుగా ఉంటుంది, ఇప్పటికీ. ఆదివారం పొద్దున్న కిటికీ రెక్క కొట్టుకునేంత గాలి లేస్తే కాఫీ గ్లాసు పట్టుకుని ఇంట్లో ఒకచోట నిలవలేను. ఆ వేలు మళ్లీ మొదలుపెడుతుంది. గ్లాసు అంచు మీద ఎడమకి తోస్తుంది, ఎడమకి, ఎడమకి. మా ఆవిడ కాఫీ ఒలుకుతోందని కేకలేస్తుంది.