తూకం రోజు

కబడ్డీలో ఆటగాడి బరువుకి హద్దు ఉంటుందని చాలామందికి తెలియదు. మా రోజుల్లో టోర్నమెంటు ముందు రోజు పొద్దున్నే నిక్కరుతో నిలబెట్టి తూకం మిషనెక్కించేవాళ్ళు. వంద గ్రాములు ఎక్కువున్నా ఇంటికే. బతిమాలుకోవడాలు కుదరవు. నేనేమో తిండిపోతుని, ఎప్పుడూ మూడు నాలుగు కిలోలు పైనే ఉండేవాణ్ణి. అందుకని రెండు రోజుల ముందు నుంచి నీళ్ళు మానేసేవాణ్ణి. మే నెల ఎండలో స్వెట్టరు తొడుక్కుని పరిగెత్తేవాణ్ణి. ఎండు ఉసిరి ముక్క బుగ్గన పెట్టుకుని, ఊరిన ఉమ్మంతా ఊసేసేవాణ్ణి. ఆ ఉసిరి పొట్లం కొని తెచ్చేది అక్క. తడిసిన స్వెట్టరు నాన్న కంట పడకుండా పిండి ఆరేసేదీ అక్కే. రాష్ట్ర జట్టుకి ఆడిన నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా తూకంలో తప్పలేదు. అదేదో నా ఘనకార్యం అనుకునేవాణ్ణి.

ఇరవై ఐదేళ్ళ తర్వాత, అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో, నా బరువు రెండు వందల నలభై ఎనిమిది పౌండ్లు. బూట్ల లేసులు కట్టుకుంటే ఆయాసం వచ్చేది. ఒకప్పుడు కూత ఆపకుండా ముగ్గుర్ని ఔట్ చేసి వచ్చిన గొంతు నాది. పొట్ట గురించి ఎవరైనా ఎగతాళి చేస్తే నేనూ కలిసి నవ్వేవాణ్ణి. అక్క కిడ్నీలు రెండూ పాడయ్యేదాకా ఆ నవ్వుతో గడిచిపోయింది.

అక్కావాళ్ళ ఇల్లు మా ఇంటికి పది నిమిషాల దూరం. వారానికి మూడు రోజులు డయాలసిస్. బావకి షుగరు కాబట్టి ఆయన కిడ్నీ పనికిరాదన్నారు. మిగిలింది నేను. రక్తం కలిసింది, తక్కినవన్నీ కలిశాయి. రెండు వందల పౌండ్లకి దిగితే ఆపరేషన్ సంగతి చూద్దామన్నారు ఆసుపత్రివాళ్ళు.

ఏడు నెలలు ఒళ్ళు వంచాను. అన్నం మానేశాను. ఆఫీసు నుంచి వచ్చి బేస్‌మెంట్‌లో ట్రెడ్‌మిల్ మీద, మోకాళ్ళు వాచేదాకా నడిచాను. మొదట్లో ఒక్క నిమిషం కూడా పరిగెత్తలేక ఆ మిషను పట్టుకుని ఏడ్చాను. మెల్లగా బరువు దిగింది. ఫిబ్రవరిలో ఆసుపత్రి తూకానికి రెండు రోజులుందనగా చూసుకుంటే రెండు వందల తొమ్మిది. ఇంకా తొమ్మిది పౌండ్లు. అంటే నాలుగు కిలోలు.

నాలుగు కిలోలు నాకో లెక్కా అనుకున్నాను. ఆ క్షణం నాకు భయం కూడా వేయలేదు, సంతోషం వేసింది. ఎన్నాళ్ళకో నాకు బాగా తెలిసిన పని ఒకటి దొరికింది. ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి ఎండు ఉసిరి ప్యాకెట్ కొన్నాను. నీళ్ళు ఆపేశాను. చెత్త సంచికి చిల్లులు పెట్టి తొడుక్కుని, దాని మీద స్వెట్టరు వేసుకుని పరిగెత్తాను. ఆసుపత్రి మిషను నూట తొంభై తొమ్మిది చూపించింది. నర్సు చప్పట్లు కొట్టింది. నీళ్ళు బాగా తాగుతున్నారా అని అడిగితే తాగుతున్నానని చెప్పాను. ఆ తర్వాత రక్తం తీసుకుంది.

మూడో రోజు ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ ఫోన్ చేసింది. నా కిడ్నీ పరీక్షలన్నీ తేడాగా వచ్చాయట. ఏం చేశారని రెండోసారి అడిగేసరికి నిజం చెప్పేశాను. ఆవిడ నెమ్మదిగా చెప్పింది. రెండు వందల తొమ్మిదితో వచ్చి ఉంటే ఎవరూ వెనక్కి పంపేవారు కాదట. బరువు తగ్గుతూనే ఉన్నారు కదా, మిగతా పరీక్షలు జరుపుతూ మార్చి నెలాఖరుకి ఆపరేషన్ పెట్టుకునేవాళ్ళమంది. ఇప్పుడు మాత్రం, తన ఒంటికి ఇలా చేసుకుని మా దగ్గర దాచిన మనిషిని వెంటనే దాతగా తీసుకోలేమంది. మూడు నెలలు ఆగి మళ్ళీ మొదటి నుంచి రమ్మంది. వంద గ్రాములకే ఇంటికి పంపే ఆట నాది. వేరే రకం తూకం ఉంటుందని నాకు తట్టనేలేదు.

అక్కకి అబద్ధం చెప్పాను. ఏదో టెస్టు మళ్ళీ చేయాలట, కొంచెం ఆలస్యమవుతుందట అని. మర్నాడు డయాలసిస్‌కి కార్‌లో తీసుకెళ్తుంటే, తన టిష్యూల కోసం సీటు పక్కన చెయ్యి పెట్టింది. ఉసిరి ప్యాకెట్ చేతికొచ్చింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎన్ని కిలోలురా?" అంది.

"నాలుగు."

రెండు సిగ్నల్స్ దాటాం. అప్పుడు అరిచింది. "బుద్ధుందా నీకు? వీళ్ళేమైనా మీ కోచ్ అనుకున్నావా? డాక్టరు రోజుకి నాలుగు గ్లాసులే అంటే, అదీ గ్లాసుకి మార్కర్‌తో గీత గీసుకుని తాగుతున్నాన్రా నేను. గుక్కెడు నీళ్ళకి మొహం వాచిపోయి ఐస్ ముక్కలు చప్పరిస్తున్నా. నీకు తాగడానికేం రోగంరా!"

డయాలసిస్ సెంటర్ ముందు కారు ఆపించి, నా బాటిల్ తీసి మూత విప్పి ఇచ్చింది. "తాగు. నా ముందు తాగు" అంది. నేను తాగుతుంటే నా గొంతు వైపే చూసింది. బాటిల్ ఖాళీ అయ్యాక, "ఆ పొట్లాలు తెచ్చి అలవాటు చేసింది నేనే కదరా" అని కళ్ళు తుడుచుకుని దిగి వెళ్ళిపోయింది. తప్పు నాదేనని అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు.

ఏప్రిల్‌లో డయాలసిస్ గొట్టం దగ్గర ఇన్ఫెక్షన్ మొదలై రక్తంలోకి పాకింది. ఐదు రోజులు ఐసీయూలో ఉంచారు. ఆరో రోజు అక్క పోయింది. మూడు నెలల గడువుకి అప్పటికింకా నాలుగు వారాలుంది.

పెద్దకర్మ నాటికి నేను నూట ఎనభై ఏడు. ఆకలన్నది లేక ఒళ్ళు దానంతటదే కరిగింది. అక్కావాళ్ళింట్లో భోజనాలు నడుస్తున్నాయి. బావ ఆఫీసులో పనిచేసే పెద్దాయన గారెల ప్లేటు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"భలే స్లిమ్ అయ్యావయ్యా! పోయిన దసరాకి ఇంతుండేవాడివి. ఏం ఫాలో అయ్యావు? కీటో డైటా?"

ఆ ప్లేటు లాగి గోడకేసి కొట్టాలనిపించింది. ఆయన తప్పేం లేదు, ఆయనకేమీ తెలియదు.

"నీళ్ళు తాగండి" అన్నాను.

"అంతేనా?"

"అంతే."

అసలు విషయం దాస్తున్నాననుకున్నాడేమో, నా భుజం తట్టి నవ్వుతూ వెళ్ళిపోయాడు. నేను వంటింట్లోకి వెళ్ళాను. సింకు పక్కన అక్క గ్లాసు బోర్లించి ఉంది. బావ ఇంకా తీయలేదు. గ్లాసు సగానికి కొంచెం పైన నల్ల గీత. కుళాయి తిప్పి ఆ గీత దాటేదాకా నింపి, అక్కడే నిలబడి తాగాను.